నెరిసిన పిలక

మా పేటలో ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు చలిమిడి, సున్నుండలతో పాటు సముద్రపు నాచు కూడా వెళ్తుంది. కొత్త కుండలో పుట్టింటి రేవు నీళ్ళు పోసి, తల్లి పెంచిన నాచులోంచి తీసిన పిలక ఒకటి అందులో వేసి, మూతికి పసుపు గుడ్డ కట్టి పెళ్ళికూతురి ఒళ్ళో పెడతారు. అత్తారి రేవు చేరగానే అక్కడి ముత్తయిదువ ఒకామె తమ నీళ్ళు దోసెడు తీసి ఆ కుండలో పోస్తుంది. దాన్ని నీళ్ళు కలపడం అంటాం. పిల్లకైనా పాచికైనా కొత్త చోటును ముందు పరిచయం చెయ్యాలని మా వాళ్ళ నమ్మకం. ఇదేదో తాతల నాటి ఆచారమనుకునేరు. మా భీమిలి తీరంలో నాచు సాగు మొదలైందే మా అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో. కానీ మా వాళ్ళు ఒక పని రెండేళ్ళు చేస్తే అది ఆచారం, మూడో ఏడు మానేస్తే అపచారం.

అమ్మ పేరు ముత్యాలమ్మ. నా చిన్నతనమంతా ఆమె నాచు తెప్పల చుట్టూనే తిరిగింది. పొద్దున్నే పేటలోని ఆడవాళ్ళంతా ఇసుకలో బారుగా కూర్చుని, తాడు ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి జరుపుకుంటూ దానికి పిలకలు ముడివేసేవాళ్ళు. ఆ తాళ్ళను వెదురు తెప్పలకు కట్టి సముద్రంలోకి తోస్తే నెలన్నర తిరిగేసరికి మోయలేనంత గుబురుగా పెరిగేది. కోసిన నాచు పాత వలల మీద ఆరబెడితే ఉప్పు పూసి, ఆ వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. ఎండిన నాచు లారీలో వెళ్ళిపోయి ఐస్‌క్రీములో కలుస్తుందని ఎవరో చెబితే అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఈ పాచి తినడానికి పట్నపోల్లు డబ్బులిస్తన్నారేటే!" అంది. ఆమె జన్మలో ఐస్‌క్రీము తినలేదు.

ఎండలు ముదిరితే నాచుకు తెల్ల తెగులు వచ్చేది. కొసలు తెల్లబడి, ముట్టుకుంటే మెత్తగా రాలిపోయేవి. మా వాళ్ళు దాన్ని 'నెరవడం' అనేవాళ్ళు. తాడుకు పావు వంతు అలా పోయేది. అమ్మ కొసలు గిల్లిపారేస్తూ ఆ తెగులును నోటికొచ్చినట్టు తిట్టేది. అది ఎప్పటికైనా వదిలిపోతే కోడిని కోస్తానని నూకాలమ్మకు ఏటేటా మొక్కేది.

అమ్మవారు విన్నదనే చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా తెగులు సోకని కొత్తరకం నాచు వచ్చింది. ఎంత ఎండకైనా పచ్చగా, నిగనిగలాడుతూ ఉండేది. ఒక్క ఏడాదిలో తీరమంతా అదే అయింది. పాత తాళ్ళు ఒడ్డున పడి ఎండి, పొయ్యిల్లోకి పోయాయి. అమ్మ కోడిని కోసి పేటంతా పంచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎర్రనీళ్ళు రావడం మొదలైంది. కంటికి కనిపించని ఎర్ర నాచు కోట్లకు కోట్లు పుట్టి, ఎండాకాలంలో సముద్రం రంగే మార్చేది. దాని కింద ఊపిరాడక చేపలు తేలిపోయేవి. దాన్ని తాగి బతికే ఆలిచిప్పల్లో విషం చేరేది. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఉండవు. అమ్మ కాపరానికొచ్చిన నాటినుంచీ ఏ రాళ్ళ మీద ఆలిచిప్పలు ఏరుకుందో ఆ రాళ్ళ మీదే ఏరుకుని కూర వండుకుంది. ఆవేళ నేను కాలేజీకి వెళ్ళాను కనుక తినలేదు. నేను ఇంటికొచ్చేసరికి పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంది, కాసేపటికి చేతులు ఎత్తలేకపోయింది. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆటోలో ఊపిరి ఆగిపోయింది.

అప్పటికి నేను కామర్స్ చదువుతున్నాను. అమ్మను చంపినదాని పేరైనా తెలుసుకోవాలని చదువు మార్చుకున్నాను. ఇప్పుడు నేను మా భీమిలిలోనే నాచు జబ్బుల మీద పనిచేసే ల్యాబులో పరిశోధకురాలిని. పేరు పైడితల్లి. పేటలో మాత్రం 'పాచి డాక్టరమ్మ' అంటారు, అందులో గౌరవమెంతో వెటకారమెంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

మొన్న చైత్రంలో మా అప్ప కాసులమ్మ కళింగపట్నం నుంచి బస్సు దిగి నేరుగా ల్యాబుకే వచ్చింది. అప్ప అంటే మా వైపు అక్క. చంకలో కుండ, మూతికి పసుపు గుడ్డ.

"ఒలే పైడీ, నువ్వు పాచి డాక్టరువి కదేటి. దీనికేటయిందో సూడు, బేగి సూడు" అంది, మంచినీళ్ళైనా తాగకుండా.

గుడ్డ విప్పి చూశాను. అమ్మ పిలక. అప్ప పెళ్ళిలో అమ్మ ఇచ్చిన నాచు. కళింగపట్నంలో కూడా అందరూ కొత్తరకం వేసుకున్నారు గానీ అప్ప మాత్రం దీన్ని పారెయ్యలేక పెరట్లో సిమెంటు తొట్టిలో పెట్టి, రోజూ సముద్రం నీళ్ళు మోసుకొచ్చి మారుస్తూ కాపాడింది. "పక్కింటోలు గేదెని మేపుతున్నారు, మా ఇంటిది పాచిని మేపుతోంది" అని బావ ఊరంతా నవ్వేవాడు. నవ్వుతూనే ఆమెకు జ్వరమొచ్చిన రోజుల్లో తనే నీళ్ళు మోసేవాడు. ఆ పాత గోధుమరంగు, ఆ గరుకు కొమ్మలు, కొసల్లో ఆ నెరుపు! ల్యాబులో నిలబడి ఉన్నదాన్ని ఒక్కసారి ఇసుకలో, అమ్మ మోకాలి పక్కన కూర్చున్నట్టయింది.

"వైశాకంలో ముత్యాలు పెళ్ళి. దీన్ని దాని ఒళ్ళో ఎట్టాల. ఇలగ నెరిసిపోతన్నదాన్ని ఎలగ పంపిస్తానే?" అంది అప్ప. ముత్యాలు ఆమె కూతురు, అమ్మ పేరే పెట్టుకుంది. ఆ గుంట "నాకు ఫ్రిజ్జివ్వమ్మా, పాచెందుకు?" అందట. ఆ బాధ కూడా అప్ప నాకే చెప్పుకుంది.

తెల్ల తెగులును నాచులోంచి వెళ్ళగొట్టే మందు మా ల్యాబులో ఉంది. వారం రోజుల పని. ఆ మాట చెప్పేసరికి అప్ప ముఖం విచ్చుకుంది. నేను మందు తేవడానికి లోపలికి వెళ్ళానో లేదో, ఆమె ఆచారం ప్రకారం చెయ్యాల్సింది చేసింది. పిలక కొత్త చోటుకొచ్చింది కదా. కిటికీ పక్కనున్న గాజుతొట్టిలోంచి దోసెడు నీళ్ళు తీసి కుండలో కలిపింది. మేము చదువు కోసం పెంచుతున్న ఎర్రనీళ్ళ తొట్టి అది. ఆ ఎరుపు ఏదో మందుదనుకుందట.

మా పెద్దసారు భానోజీరావు గారు సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చారు. ఆయనకు శుచి మరీ ఎక్కువ. ఆయన పుట్టినప్పుడు మంత్రసాని కూడా చెప్పులు బయట విడిచే వచ్చిందని మాలో ఒక హాస్యం. ఒంటికాలి మీద లేచారు.

"ఏమిటండీ ఇది! విషపు నీళ్ళను చేత్తో తీయడమా? పైడితల్లీ, ఆ కుండను ఇప్పుడే మరిగించి పారబొయ్యండి!"

"మరిగిస్తారా? నాను మరుగుతాను ముందు" అని అప్ప కుండను కావిలించుకుంది.

ఆమె చేతులు సబ్బుతో కడిగించాను. కుండను మూలగదిలో విడిగా పెడతానని సారును బతిమాలి ఒప్పించాను. మర్నాడు పొద్దున్న తలుపు తీసి చూస్తే కుండలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున తుప్పులాంటి మడ్డి. ఎర్రదనం లేదు. నేను ఆ మడ్డి మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, సారును పిలిచాను. ఆయన చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎర్ర నాచు కణాలన్నీ పేలిపోయి, వట్టి డొల్లలు మిగిలాయి.

ఆ తర్వాత మేమిద్దరం తిండి కూడా మర్చిపోయి పనిచేశాం. పిలక కొమ్మ ఒకటి గిల్లి, మందు వేసి తెగులు వదిలించి, ఎర్రనీళ్ళలో పెట్టాం. నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. నెరిసిన కొమ్మ పెడితే తేటపడ్డాయి. రెండు మూడుసార్లు చేసినా అంతే. అంటే ఎర్ర నాచును చంపుతున్నది ఈ నాచు కాదు, దీని జబ్బు. తెల్లబడి రాలినప్పుడల్లా ఆ జబ్బు తెచ్చే క్రిమి నీళ్ళలోకి విడుదలై, ఎర్ర నాచు ఎక్కడుంటే అక్కడ వేటాడుతోంది. అమ్మ కొసలు గిల్లి సముద్రంలోకి విసిరి తిట్టిన ప్రతిసారీ తీరానికి మందు చల్లిందన్న మాట. తెగులు పోవాలని ఆమె మొక్కిన మొక్కు తీరింది, ఆమె ప్రాణం తీసే నీళ్ళకు అడ్డు తొలగింది. అది తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

"కొమ్మల్లోని క్రిమి బలహీనం. ఒక చెంబు నీళ్ళు కడిగి తనూ చచ్చిపోతోంది" అన్నారు సారు. "మొవ్వు అంచు గీకి చూశాను, అందులోది వేరు, నిద్రలో ఉంది. అది మేలుకుంటే ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకు నిప్పులా పాకుతుంది. తీరమంతా సరిపోతుంది."

ఈ నాచుకు నడిమధ్య మొవ్వు ఉంటుంది. కొత్త కొమ్మలు పుట్టేది అందులోంచే. మొవ్వు పోతే మిగతా కొమ్మలు ఇక పెరగవు. కార్తీకంలో మొవ్వు రెండుగా చీలుతుంది, అందుకే మా వాళ్ళు పిలకలు అప్పుడే తీస్తారు. అప్ప తొట్టిలో ఏటా చీలినవి కుళ్ళిపోగా, ఇప్పుడు ఈ కుండలో ఉన్నది ఒక్క పిలక, ఒక్క మొవ్వు. క్రిమి బయటికి రావాలంటే ఆ మొవ్వు ఎర్రనీళ్ళలో, అల తగిలే చోట పూర్తిగా నెరిసి రాలిపోవాలి. తొట్టిలోని నిలవ నీళ్ళలో పెడితే కుళ్ళుతుందే గాని క్రిమి మేలుకోదు. మందు వేస్తే పిలక బతుకుతుంది, క్రిమి లోకంలో లేకుండా పోతుంది. ఏదీ వెయ్యకుండా కార్తీకం దాకా ఆపుదామా అంటే, ఉన్న నెరుపుతో అది శ్రావణం కూడా చూడదు. అప్పటికే ఎర్రనీళ్ళు కళింగపట్నం ఎదుట కనిపించాయని పడవలవాళ్ళు చెబుతున్నారు.

ఈ మాట అప్పతో సారు చెబుతానన్నారు. నేనే చెప్పాలన్నాను. ఇంటికి వెళ్ళి, ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచాను. చివరికి చెప్పేశాను.

కత్తిపీట పక్కకు తోసి లేచింది. "అంటే అమ్మని మళ్ళీ సంపమంటావా? అందుకా నాను ఇంత దూరం మోసుకొచ్చినాను?"

"అది అమ్మ కాదప్పా, నాచు."

"నీకు నాచు! చదువుకున్నదానివి కదా! అమ్మ సెయ్యి తగిలింది ఇంకేటుందే నాకాడ? సీరలు సిరిగిపోయినాయి. ఇల్లు తుపానుకు పోయింది. ఆ పిలక్కి అమ్మ ముడేసింది. అది ఇంకా ఎదుగుతంది. అమ్మది ఇంకా ఎదుగుతన్నది అదొక్కటే."

నాకూ ఒక పిలక రావాల్సింది. పెళ్ళి చేసుకోలేదు కనుక తీసుకోలేదు. నా చిన్నతనంలో అమ్మ "నీది తాడు మీదే ఉందిలే, ఎక్కడికీ పోదు" అనేది. ఆ తాడు ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. కాబట్టి అప్ప పట్టుకున్నది ఆమెకొక్కదానికే కాదు, నాకు కూడా చివరిది. ఒప్పించడానికి వెళ్ళినదాన్ని, ఆమె కాదంటే బాగుండునని కూడా లోలోపల అనుకున్నాను.

"పొద్దున్నే మందెయ్. అదవగానే ఎల్లిపోతాను" అంది అప్ప. సరేనన్నాను. ఆమె పిలక, ఆమె ఇష్టం.

మర్నాడు తెల్లవారి నేను కాఫీ పెడుతుంటే ఆమె రేవుకు వెళ్ళింది. చిన్నప్పటి రాళ్ళు చూసి వస్తానంది. గంటలో తిరిగొచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది, చేతికి గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏమైందప్పా?"

"రాళ్ల మీద ఒకావిడ ఆలిచిప్పలు ఏరతంది. అమ్మలాగే, ముడ్డి పైకెత్తి వంగుని. తినకమ్మా, ఎర్రనీళ్ళొస్తన్నాయి, సచ్చిపోతావు అన్నాను. ఇంకా రానేదు కదా, వొచ్చేలోపు తింటాను అంది. ఇనిపించుకోనేదు. గంప తన్నీసినాను."

"తన్నావా!"

"తన్నీసినాను. సముద్రంలో పడిపోయినాయి అన్నీ. నా మీదికొచ్చింది, జుట్టు పట్టుకుంది. నా పిల్లలకి నువ్వెడతావా కూర అని తిట్టింది. నాయంగానే తిట్టింది." అప్ప గడపలో కూర్చుండిపోయింది. నేను చేతికి పసుపు అద్దాను. "ఎదరంతా ఉన్నారే, గంపలట్టుకుని. ఆ రాయి మీదొకర్తి, ఈ రాయి మీదొకర్తి. నాను ఎన్ని గంపలని తన్నగల్నే?"

కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. "పడవ సిద్ధం సెయ్యమను మీ సారుని" అంది.

సారు ఆ రోజు చెప్పులతోనే పడవ ఎక్కారు, ఆయనకే తెలియలేదు. మేం వెళ్ళేసరికి ఎర్రనీళ్ళు మా తీరానికి దగ్గర పడ్డాయి. వక్కాకు ఉమ్మినట్టు ఒక చార దూరం నుంచే కనబడింది. దాని అంచున చచ్చిన కవ్వళ్ళ చేపలు తెల్లగా తేలుతున్నాయి. చిన్న వెదురు తెప్ప ఒకటి లంగరు వేసి నిలిపాం. పిలకను తాడుకు కట్టడం మా ఇద్దరికీ వచ్చు, అయినా నేను చెయ్యి వెయ్యలేదు. అప్ప తాడు ఒళ్ళో వేసుకుని, అమ్మ నేర్పినట్టే పురి విప్పి, సందులోంచి పిలకను దూర్చి ముడివేసింది. మరీ బిగిస్తే నాచుకు ఊపిరాడదని అమ్మ మాకు వేళ్ళ కణుపుల మీద కొట్టి కొట్టి నేర్పింది. ఎంత వదులుగా వేసిందంటే, అది ఎక్కడ జారిపోతుందోనని సారు ముందుకు వంగారు. అది జారలేదు.

మా వాళ్ళు ఎవరినీ 'వెళ్ళు' అని సాగనంపరు. సముద్రం మీదికి పోయేవాళ్ళను అసలే అనరు, వెళ్ళి రా అంటారు. అప్ప తాడు నీళ్ళలోకి వదులుతూ "ఎల్లి..." అని ఆగింది. తర్వాత, పిల్లను బడికి తోలినట్టు గట్టిగా అంది: "ఎల్లమ్మా. ఎల్లు. పుట్టినకాడ్నించీ నీకు కూడెట్టిన నీళ్ళే నిన్ను తినీసినాయి. వాటి సంగతేటో నువ్వే సూడు. నిన్ను ఎంతమందిమి తిట్టినా వూరుకున్నావు. ఈసారి వూరుకోకు."

సారు ముఖం అటు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు, ఎదురుగానే ఏడ్చాను.

అప్ప కళింగపట్నం వెళ్ళలేదు. పెళ్ళి పనులన్నీ ఫోనులోనే చక్కబెడుతూ, రోజూ ఒడ్డున నిలబడి తెప్ప వైపు చూసేది. నాలుగైదు రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న ఎర్రచారలో తెప్ప చుట్టూ నీలంగా చిల్లు పడింది. మర్నాటికి అది చెరువంత అయింది. ఆపైన రోజురోజుకూ ఎరుపు వెనక్కి తగ్గుతూ పోయింది. పేటవాళ్ళు గట్టు మీద గుంపులుగా నిలబడి చూశారు. మా ల్యాబులో మిఠాయి పంచారు. సారు ఆ క్రిమికి పేరు పెట్టాలి కదా అని, ఎంతో మర్యాదగా అప్పను అడిగారు.

"మీ అమ్మగారి పేరు పెడదామమ్మా. ప్రపంచమంతా తెలుస్తుంది."

"జబ్బుకి మా అమ్మ పేరెట్టకండి బాబూ" అంది అప్ప. "పుణ్యముంటాది."

చివరిగా తెప్ప దగ్గరికి మేమిద్దరమే వెళ్ళాం. తాడు ఎత్తితే కొమ్మలన్నీ పోయి, ముడిలో మొవ్వు ఒక్కటే మిగిలి ఉంది. పాలలా తెల్లగా ఉంది. అప్ప దాని కింద అరచెయ్యి పట్టింది. గాలి తగిలిందో, చెయ్యే తగిలిందో, అది చిన్న చిన్న పలుకులుగా విడిపోయి ఆమె చేతిలో రాలింది. ఆమె చేతిని నీళ్ళలోకి దించి, వేళ్ళు విప్పింది. తెల్లటి పలుకులు మెల్లగా దిగిపోతూ చాలా లోతుదాకా కనిపించాయి. నీళ్ళు అంత తేటగా ఉన్నాయి.

ముత్యాలు పెళ్ళికి ఇక పిలక లేదు. నాకు రావలసినదీ లేదు. అప్ప భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఏడవడం లేదు. చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది.

"అమ్మ పోయినపుడు నాను బస్సులో ఉన్నానే" అంది. "నాను దిగేసరికి అంతా అయిపోనాది. ముకం కూడా సూడనివ్వనేదు. ఇన్నేళ్ళూ అదే నాకు." వేళ్ళతో నీళ్ళు కదిపి, "ఈపాలి దగ్గరున్నాను. నా సేతుల్లోనే పోనాది" అంది.

నేను ఇంజను వెయ్యలేదు. ఇక పోదామని ఆమె అనే దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.